అల్లుడి వాకిట్లో మా అమ్మ

మా కడప ముసల్మానులకు వెంకటేశ్వరుడు అల్లుడు. బీబీ నాంచారమ్మ మా పిల్ల. ఆమెను చేసుకున్నవాడు అల్లుడు కాక ఇంకేమవుతాడు? అందుకని ఉగాది పొద్దున్నే కొబ్బరికాయ, బెల్లం, వేపపూత పట్టుకుని మా వాళ్ళు ఆయన గుడికి వెళతారు. వరసలో నిలబడతారు, కాయ కొట్టించుకుంటారు, చిప్ప తీసుకుని ఇంటికి వస్తారు. మీది ఏ మతమని పూజారి అడగడు. ఇదొక విశేషమని పెద్దయ్యేదాకా నాకు తెలియనే తెలియదు.

ఈ సంగతి మెల్‌బోర్న్‌లో ఎవరికీ ఎక్కలేదు. తెల్లవాళ్ళకు ఎక్కకపోతే సరే అనుకుందును. ఎక్కనిది మనవాళ్ళకు. అందుకే ఇన్నేళ్ళయినా నా కడుపులో మంట చల్లారలేదు.

నాకు ఆ ఊళ్ళోనే, క్లేటన్ పేటలో మాంసం కొట్టు ఉంది. ఎనిమిదో తరగతితో చదువుకూ నాకూ సెలవు. ఆ వైటూకే రోజుల్లో మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఒక్కో ఇంట్లో అరడజను మంది చొప్పున దిగారు. సంవత్సరంలో రెండు అంకెలు సరిచేయడానికి సముద్రాలు దాటి వచ్చిన వీరులు. శనివారం వచ్చిందంటే నా కొట్టు ముందు బారులు తీరేవాళ్ళు.

"భాయ్, తలకాయ ఉందా?"

"నాకు లేదని మా బడి అయ్యవారు ఎప్పుడో తేల్చినాడు. పొట్టేలుది ఉంది, కావాల్నా?"

అలా నవ్వుకుంటూ కొనుక్కుపోయేవాళ్ళు. వాళ్ళలో కాస్త పెద్దవాడు, విజయవాడ మనిషి, తెలుగు సంఘానికి కార్యదర్శి. ఉగాది పూజకు చర్చి వాళ్ళ హాలు దొరికిందని నాకు చెప్పింది ఆయనే. గోడ మీద శిలువ ఉంటే ఎలాగా అని కమిటీ నసిగిందట. ఫాదర్ నిచ్చెన వేసుకుని తనే ఎక్కి, దాని మీద మన పట్టుచీర కట్టి దిగాడట.

"దిస్ ఈజ్ కాల్డ్ రెలిజియస్ ఫ్రీడమ్ భాయ్. మన దగ్గర ఎవడు చేస్తాడు చెప్పండి?" అన్నాడు కార్యదర్శి, రెండు కిలోలు కట్టించుకుంటూ.

నిజమే అనుకున్నాను. ఇంటికి వెళ్ళి మా అమ్మకు చెప్పాను. నాన్న పోయాక ఆమెను నా దగ్గరికి తెచ్చుకుని అప్పటికి ఏడాది కూడా కాలేదు. కడప దాటాక ఆమెకు అదే మొదటి ఉగాది. మెల్‌బోర్న్‌లో గుడి ఊరికి ఆ చివర ఉంది గానీ, పంచాంగం, పచ్చడి, మన మాట, అన్నీ ఒక్కచోట దొరికేది ఆ హాల్లోనే.

"అల్లుడు ఈడగూడా ఉండాడా?" అంది. ముఖం వెలిగిపోయింది.

ఆ ఆదివారం కొంగు తలమీదికి లాక్కుని, పళ్ళెంలో కాయ, బెల్లం, ఊరి నుంచి తెచ్చుకున్న ఎండిన వేపపూత పెట్టుకుని బయలుదేరింది. తలుపు దగ్గర కార్యదర్శి పంచె కట్టుకుని అందరికీ బొట్టు పెడుతున్నాడు. మమ్మల్ని చూడగానే ఆయన వేలు గాలిలోనే ఆగిపోయింది.

"భాయ్, మీరు ఈవెనింగ్ రండి. కల్చరల్స్‌కి. ఇప్పుడు పూజ కదా."

"పూజకే వచ్చినాం సార్. మా అమ్మ కాయ కొట్టిచ్చుకుంటుంది."

అల్లుడి కథ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"నాకేం అబ్జెక్షన్ లేదండీ. చర్చి వాళ్ళ రూల్ ఇది. హాలు హిందూ ఫంక్షన్‌కని తీసుకున్నాం. వేరే రెలిజియన్ వాళ్ళని రానిస్తే ఫాదర్ ఒప్పుకోరు."

ఫాదర్ అక్కడే మెట్ల పక్కన నిక్కరు వేసుకుని రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో అడిగేశాను, మా అమ్మ లోపలికి వస్తే నీకేమైనా కష్టమా అని. చీపురు ఆపి ఆయన మా అమ్మకు దండం పెట్టాడు. తనకేం కష్టం లేదన్నాడు. కానీ ఈ పూట హాలు వాళ్ళది, ఎవరిని రానివ్వాలో వాళ్ళ ఇష్టం, మీవాళ్ళు మీరే తేల్చుకోండి అన్నాడు. మళ్ళీ ఊడ్చుకోసాగాడు.

మీవాళ్ళట. నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది, రెండూ ఒకేసారి.

అబద్ధం బయటపడ్డా కార్యదర్శి తడబడలేదు. "అమ్మగారూ, ఆ కాయ ఇలా ఇవ్వండి. మీ పేరు మీద నేనే కొట్టిస్తాను. చిప్ప తెచ్చిస్తాను" అన్నాడు.

"ఇయ్యొద్దు" అన్నాను నేను.

"ఊరుకో నాయనా. ఎవరి చేత్తో అయితే ఏం, ఆయప్పకు చేరితే సాలు" అంది అమ్మ. పళ్ళెం ఇచ్చేసింది.

కారుకు ఆనుకుని నిలబడ్డాం. లోపల గంట మోగింది, పంచాంగం చదివారు, ఎవరికి రాజపూజ్యమో, ఎవరికి అవమానమో మైకులో వినబడుతూనే ఉంది. అమ్మ అడుగు కదపలేదు. చాలాసేపటికి కార్యదర్శి పేపర్ ప్లేటులో పులిహోర తెచ్చి ఇచ్చాడు.

"చిప్ప ఏది నాయనా?" అంది అమ్మ.

"బోలెడు కాయలమ్మా. ఏది ఎవరిదో తెలీదు."

నేను చెప్పులు విడిచి లోపలికి నడిచాను. ఎవరో పిలిచారు, ఆగలేదు. వంటగది కిటికీ దగ్గర, గిన్నెలు తోమే సబ్బు సీసా పక్కన ఉంది మా పళ్ళెం. కాయ నిక్షేపంలా ఉంది. బెల్లానికి చీమలు పట్టాయి. ఆ రోజు పూజ చేసినవాడు బ్యాంకులో పనిచేసే కుర్రాడు, శనివారం నా దగ్గర కీమా కొట్టించుకునే మనిషే. తల వంచుకుని, "సెక్రటరీ గారు పక్కన పెట్టమన్నారు భాయ్" అన్నాడు.

నా చేత్తో కోసిన పొట్టేలు వాళ్ళ కడుపుల్లోకి పోవచ్చు. మా అమ్మ చేతి కొబ్బరికాయ మాత్రం దేవుడి ముందుకు పోకూడదు. ఈ లెక్క ఏ కాలేజీలో చెబుతారో నాకు తెలియదు. శిలువ మీద మన చీర కప్పించుకున్నవాళ్ళు, ఆ నీడలో నిలబడే, ఒక ముసలామెను వాకిట్లో నిలబెట్టారు. ఆ మాట అక్కడే, అందరికీ వినబడేలా అన్నాను.  పులిహోర గరిటె ఆగలేదు.

కాయ తెచ్చి అమ్మ చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూసింది. చీమలు దులిపి బెల్లం కొంగుకు ముడేసుకుంది.

"పా, పోదాం" అంది. అంతే.  ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "వచ్చే ఉగాదికి నేను కడపలో ఉండాల" అంది.

బతిమాలాను. ఆ చివర ఉన్న గుడికి తీసుకుపోతానన్నాను. వినలేదు. మళ్ళీ బొట్టు పెట్టేవాడి ముందు నిలబడి కథ చెప్పుకునే ఓపిక తనకు లేదంది. చలికాలం రాకముందే విమానం ఎక్కించాను. కొడుకు ఒక దేశంలో, తాను ఒక దేశంలో, ఒక్క కొబ్బరికాయ కోసం. మళ్ళీ రాలేదు.

కార్యదర్శి మాత్రం శనివారం శనివారం వస్తూనే ఉన్నాడు. "అమ్మగారు అలా సడెన్‌గా వెళ్ళిపోయారేంటి భాయ్?" అని అడిగాడొకసారి.

"మీ వల్లే సార్" అన్నాను, ఎముక మీద కత్తి దించుతూ.

పడీ పడీ నవ్వాడు. నేనెప్పుడూ జోకులే వేస్తానని ఆయన నమ్మకం.