సుభద్ర గారు అడిగిన ప్రశ్న

డయాలసిస్ యంత్రాలను కడిగే మందుకు ఒక పుల్లటి వాసన ఉంటుంది. కాకినాడలో నేను పనిచేసే ఆసుపత్రిలో పొద్దున్నే వార్డు తలుపు తీయగానే ఆ వాసన ముక్కుకు తగులుతుంది. కొత్తగా చేరిన నర్సులు ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం డాక్టర్ సుభద్ర గారు గుర్తుకొస్తారు. రాజమండ్రిలో నాకు ఈ పని నేర్పింది ఆవిడే.

ఆవిడ మద్రాసులో చదువు ముగించుకుని వచ్చేనాటికి మా వైపు కిడ్నీలు చెడిన మనిషిని దూరపు నగరానికి తీసుకుపోవాలి, లేదంటే ఇంటికి తీసుకుపోవాలి. ఆవిడ ఒక పాత నర్సింగ్ హోమ్ వెనక గదిలో ఒకే ఒక్క యంత్రంతో మొదలుపెట్టారు. యంత్రానికి వాడే నీళ్లలో ఏమాత్రం మలినం ఉన్నా రోగి ప్రాణానికే ముప్పు. అందుకని గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో ఫిల్టర్ల దగ్గర తనే నిలబడేవారు. మెచ్చుకోళ్లు, ఓదార్పులు ఆవిడకు చేతకావు. రోజుకు ఇన్నే నీళ్లు తాగాలంటే ఒక రైతు వాపోయాడు.

"గోదారి ఒడ్డున పుట్టి నీళ్లకి మొహం వాచిపోవడం ఏంటండీ?"

"గోదారికి గట్లెందుకున్నాయండీ? మీ ఒంట్లో ఆ గట్టు తెగింది. అందుకు," అని తరువాతి మంచం దగ్గరికి వెళ్లిపోయారు.

కిడ్నీ మార్పిళ్లు కూడా మొదలుపెట్టాక, భీమవరం దగ్గర నుంచి రొయ్యల చెరువులు చేసే ఒకాయన వచ్చారు. చెల్లెలు కుమారి కిడ్నీ ఇస్తానంది. పరీక్షలన్నీ సరిపోయాయి. ఇంటిల్లిపాదీ సంతోషంగా ఉన్నారు. ఆపరేషన్ ముందు సుభద్ర గారు అందరినీ బయటికి పంపి, నన్ను మాత్రం ఉండమని, తలుపు వేశారు.

"కిడ్నీ ఇవ్వడం నీకిష్టమేనా అమ్మా?"

"అందరం అనుకున్నామండి."

"అందరి సంగతి కాదు. నీ సంగతి చెప్పు."

కుమారి కిటికీ వైపు తిరిగింది. "మా ఆయన పోయారండి. పిల్లలతో అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాను. వద్దంటే ఎక్కడికి పోనండీ?"

"అది సరే. ఇష్టమేనా?"

"లేదండి. భయమేస్తందండి."

"ఈ మాట ఈ గది దాటదు," అని సుభద్ర గారు లేచారు.

బయట రోగి భార్య ఎదురొచ్చింది. కుమారి దాతగా పనికిరాదని డాక్టరు గారు చెప్పగానే ఆమె నిర్ఘాంతపోయింది.

"రిపోర్టులన్నీ బాగున్నాయన్నారు కదండీ!"

"ఎవరు పనికొస్తారో తేల్చవలసింది నేను. ఈవిడ వద్దు. ఇంతకంటే చెప్పను."

వాళ్లకు ఇంకో దాత దొరకలేదు. ఆయన వేరే ఊళ్లో డయాలసిస్ మీద కొంతకాలం ఉండి చనిపోయారు. చేతిలో ఉన్న కిడ్నీని కాదని మనిషిని చంపేసిందని బంధువులు ఊరూరా చెప్పారు. ఆ వైపు నుంచి రోగులు రావడం తగ్గిపోయింది. ఆవిడ ఎవరికీ జవాబు చెప్పలేదు. నేనే ఉండబట్టలేక అడిగాను.

"కుమారికి మనం నచ్చజెప్పి ఉంటే ఆయన బతికేవారేమో మేడమ్?"

"బతికేవారేమో," అన్నారు. మళ్లీ ఆవిడే అన్నారు. "నాకూ బాధగానే ఉంది రత్నం. కానీ మన దగ్గరికి వచ్చింది ఇద్దరు. ఒకరు మంచం మీద ఉంటే రెండోవారు మన కంటికి ఆనరు."

తరువాత వార్డు పెరిగింది. ఆవిడ దగ్గర నేర్చుకున్న డాక్టర్లు జిల్లా అంతటా స్థిరపడ్డారు. ఆవిడ పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు దాతలతో మాట్లాడే పని నాది. బంధువులను బయటికి పంపి, ఆవిడ మాటల్లోనే అడుగుతాను. ఎక్కువమంది ఇష్టంగానే ఇస్తామంటారు. మొన్న ఒక రోగి భార్య మాత్రం తల అడ్డంగా ఊపింది. మా డాక్టరు గారికి చెప్పి, ఆయనతోపాటు నేనూ బయటికి వెళ్లాను. ఆమె పనికిరాదన్నాం. రోగి తమ్ముడు కోపం పట్టలేక నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తిట్లు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. రోగి భార్య తన అత్తగారి చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు.