కానుగ నూనె ఇంజనుతో మేళాకు వెళ్ళిన రోజు

ఉరవకొండలో మా ఆయన మోటార్లు, ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవారు. అది బతుకుతెరువు. కానుగ గింజల నూనెతో డీజిల్ లాంటిది తయారు చేయడం ఆయన పిచ్చి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఏదో పత్రికలో చదివి మొదలుపెట్టారు. నూనె వేడి చేసి, స్పిరిట్‌లో కాస్టిక్ సోడా కరిగించి అందులో కలిపేవారు. మర్నాటికి నల్లటి జిగురు అడుక్కి దిగి, పైన తేనె రంగు నూనె తేలేది. దాన్ని నీళ్ళతో మూడుసార్లు కడగాలి. మా గొడవలన్నీ అక్కడే. వారానికోసారి ట్యాంకరు వచ్చే వీధి మాది.

"తాగే నీళ్ళతో నూనె కడుగుతాండావే, నీకు మనసెట్ల వస్తాదయ్యా?" అనేదాన్ని.

"నాలుగు చెంబులేలే," అనేవారు. అవి ఎప్పుడూ నాలుగుతో ఆగలేదు.

ఒక వ్యవసాయాధికారి మా పెరట్లో ఆ నూనెతో ఆడే ఇంజను చూసి, అనంతపురం రైతు మేళాలో చోటిస్తామన్నారు. ఇంజను ముందురోజే ట్రాక్టరులో వెళ్ళింది. ఆదివారం పొద్దున్నే ఆయన, నేను, మా అత్త, మా ఇద్దరు ఆడపిల్లలూ బస్సెక్కాం. నూనె క్యాను నా కాళ్ళ దగ్గరుంది. కండక్టరు ముక్కు మూసుకున్నాడు.

"ఏముండాదక్కా దాంట్లో?"

"కానుగ నూనెప్పా," అంది మా అత్త, నాకంటే ముందే. "నొప్పులకు రుద్దుకునేదే. నీ మోకాళ్ళకేమన్నా కావాల్నా?"

బస్సంతా నవ్వింది.

మేళాలో మాకు వరుస చివర చోటిచ్చారు. పక్కన సిమెంటు తొట్టి. ఇంజనుకు బిగించిన పంపు అందులోని నీళ్ళు లాగి మళ్ళీ అందులోనే పోయాలి. మా ఆయన హ్యాండిలు మూడోసారి తిప్పగానే ఇంజను అందుకుంది. పొగ దగ్గర నిలబడితే బోండాలు వేగే కళాయి పక్కన నిలబడ్డట్టుంది. కాసేపట్లోనే యాభైమంది దాకా మూగారు. పిస్టన్ చెడుతుందా, లీటరుకు ఎన్ని గింజలు కావాలి, అని అడిగితే ఆయన ఉత్సాహంగా చెబుతున్నారు. నాకు గర్వంగానే ఉంది. చాలాసేపటికి గాని గమనించలేదు, సగం మంది ఇంజను వైపు చూడటమే లేదు. పైపులోంచి దూకే నీళ్ళనే చూస్తున్నారు.

బత్తలపల్లె నుంచి వచ్చానని చెప్పిన ఒక పెద్దాయన ఆ ధార కింద చెయ్యి పెట్టి, తడిచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"తెలివైనోనివి నాయనా," అన్నాడు మా ఆయనతో. "కానుగ చెట్లు మా తావ కూడా ఉండాయి. నూనె పోస్తే ఇంజను ఆడతాది, సరే. మూడు బోర్లేసినా. మూడూ ఎండిపోయినాయి. నీళ్ళు యాడ తెచ్చేది?"

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే మా ఆయన ఏదో ఒకటి అనేవారు. వంగి ఇంజను ఆపబోయారు.

"ఆపొద్దప్పా," అన్నాడు పెద్దాయన. "ఇంకొంచేపు పోనీ. చూస్తాండాం కదా."

మధ్యాహ్నం షామియానా నీడలో రొట్టెలు, ఊరుబిండి పచ్చడి విప్పాం. పిల్లలు తిని బొరుగుల బండి దగ్గరికి పరుగెత్తారు. ఆయన తుంచిన రొట్టె చేతిలోనే ఉంది. పెద్దాయన అడిగిందే ఇన్నేళ్ళూ నేనూ ఇంకో రకంగా అడిగాను. ఇప్పుడు గుర్తు చేస్తే గెలుపు నాదే. కానీ మా ఆయన మొహం చూశాక ఆ గెలుపు వద్దనిపించింది. లేచి నేనే ఇంజను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

ఒకామె వచ్చింది, చంకలో బిడ్డతో. "అక్కా, ఇది పిండిమిషన్ను ఆడిస్తాదా? కరెంటు పోతే మా ఊర్లో రెండు దినాలు రాదు. రాగులు నెత్తిన పెట్టుకోని పక్కూరికి పోతాండాం."

ఆయన్ను అడక్కుండానే చెప్పేశాను: "ఎందుకాడించదు? ఆడిస్తాది."

వెనక ఎప్పుడు వచ్చి నిలబడ్డారో, మా ఆయన ఆమె ఊరి పేరు అడుగుతున్నారు. ఆ సాయంత్రం బస్సులో పిల్లలు నిద్రపోయారు. ఆయన మాత్రం టిక్కెట్టు వెనక పెన్సిలుతో పంపు బదులు పిండిమిషను బెల్టు గీసుకుంటూ కూర్చున్నారు.

ఆ వేసవిలోనే ఆ బిడ్డతల్లి ఊళ్ళో ఇంజను బిగించారు. పిండి కానుగ వాసన కొడుతోందని ఆడవాళ్ళు మొదటి వారం తిట్టిపోశారట. మిషను గదిలోంచి ఇంజనును బయట పందిరి కిందికి మార్చాక ఊరుకున్నారు. రెండేళ్ళు ఆడింది. తర్వాత వరసగా వానలు తప్పి, గింజలేరే కుటుంబాలు బెంగళూరు పనులకు వెళ్ళిపోయాయి. చెట్ల కింద కాయలు రాలి అలాగే ఉండిపోయాయి. నూనె తీయడం మా ఇంట్లోనూ ఆగింది. ఓడిపోయావా అని ఆయన్ను నేనెప్పుడూ అడగలేదు. ఆ రెండేళ్ళు ఆ ఊరి ఆడవాళ్ళు పక్కూరికి నడవలేదని మాత్రం నాకు తెలుసు.