ఇచ్చట అంటే యాడ?

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఫోను మోగింది. ఆ రోజు ఆ టైముకు మోగితే అది సారే. గొంతు సవరించుకుని, ఆయన నేర్పిన మాట ఆయనకే అప్పజెప్పాను.

"చెప్పండి. చెట్లు చూసేవాళ్లమే. చెట్టు యాడుండాది?"

అవతల సారు భార్య గొంతు.

"అన్నా, నేను. సారు లేరన్నా. తెల్లారుజామున పోయినారు."

ఫోనులో మాట్లాడటం నాకు నేర్పింది ఆయన. అయినా నా పాత మాటే నోట వచ్చింది. "ఊ" అన్నాను. సారు భార్యను నేను అమ్మ అంటాను. అమ్మ ఫోను పెట్టేసింది.

సారు ఎవరో మీకు చెప్పాలి. కదిరిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినాయన. నాకు బడిలో పాఠం చెప్పినవారు కాదు. నా చదువు మా ఊరి బడిలో ఐదో తరగతితో సరి. అయినా నాకు సారు అంటే ఆయనొక్కరే.

నాది చెట్ల పని. మా నాయన దగ్గర నేర్చుకున్నాను. చింతచెట్టుకు ఎండుకొమ్మలు తీయడం, మామిడి మానులో దూరిన పురుగును తీగతో లాగి ఆ బొక్క పూడ్చడం, ఇంటి మీదికి ఒరిగిన కొమ్మను మోకు కట్టి పెంకు పగలకుండా దించడం. నల్లమాడ పక్కన కొత్తపల్లి మాది. వాన నమ్మకం లేని నేల. ఒక చెట్టు పోతే దాని చోట ఇంకొకటి లేస్తుందని ఎవరూ చెప్పలేరు. అందుకే మా నాయన గొడ్డలి ముట్టలేదు. మచ్చుకత్తి, రంపం, మోకు, అంతే. "గొడ్డలి చేతిలో ఉంటే కన్ను మొదలు మీదికే పోతాదిరా" అనేవాడు.

తొంభైల చివర్లో ఒకనాడు కదిరి బజారులో మోకు భుజాన వేసుకుని పోతుంటే మెట్ల మీద నిలబడి ఒకాయన పిలిచారు.

"ఏమప్పా, చెట్లు కొట్టేవానివేనా?"

"కాదు సార్."

"మరి మోకు ఏమిటికి?"

"చెట్టు ఎక్కేదానికి."

"ఎక్కి?"

"చూసేదానికి."

సారు గట్టిగా నవ్వారు. "మాటల్లో ఇంత పిసినారిని నేను యాడా చూల్లేదప్పా. రా, దీన్ని చూడు."

ఇన్‌స్టిట్యూట్, సారు ఇల్లు ఒకటే. ముందర వేపచెట్టు. దాని వెనక రేకు బోర్డు. "ఇచ్చట టైపు, షార్టుహ్యాండు నేర్పబడును" అని రాయించారట. ఆకు అంతా కమ్మేసి చివర "బడును" ఒక్కటే కనబడుతోంది.

"అందరూ 'బడును ఇన్‌స్టిట్యూట్' అంటాండారప్పా. ఏం బడును? వేపాకు బడునా? కొట్టేయ్ దీన్ని."

"బోర్డు కనబడల్లనా సార్, చెట్టు పోవల్లనా?"

సారు నన్ను, చెట్టును, మళ్లీ నన్ను చూశారు. "బోర్డు కనబడితే చాలు" అన్నారు.

రెండు కొమ్మలు తీశాను. "ఇచ్చట" నుంచి "బడును" దాకా మొత్తం బయటపడింది. మెట్ల మీద నీడ నీడగానే ఉంది. సారు రోడ్డు అవతలికి పోయి, అక్కడి నుంచి బోర్డును పైకి చదివి వచ్చారు. ఆ తర్వాత ఏటా ఉగాది ముందు పోయి ఆ కొమ్మలు సవరించడం నాకు అలవాటైంది. పోయినప్పుడు చింతచిగురు పట్టుకుపోయేవాణ్ణి. అమ్మ అన్నం తినకుండా పంపేది కాదు.

ఏండ్లు గడిచాయి. టైపు నేర్చుకునేవాళ్లు తగ్గారు. సారు మిషన్లు మూలకు పెట్టి కంప్యూటర్లు తెచ్చారు. బోర్డు కింద అదే రంగుతో "ఇంటర్నెట్" అని రాయించారు. నా పనీ తగ్గింది. నన్ను పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోయారు. కొత్త ఇండ్లవాళ్లకు నేనెవరో తెలియదు. వాళ్లు యంత్రపు రంపం వాళ్లను పిలుస్తారు. పూటలో చెట్టు నేల మీద ఉంటుంది. మా పెద్దోడు బెంగళూరు అపార్ట్‌మెంట్లో నాకు వాచ్‌మన్ పని చూశాడు. "మోకు అమ్మేయి నాయనా, ఈ వయసులో చెట్టెక్కి ఏం చేస్తావ్" అన్నాడు. వాడు అన్నదీ తప్పు కాదు.

ఆ సంగతి సారుకు చెప్పాను. చెప్పానంటే, "బెంగళూరు పోతాండా సార్" అన్నాను, అంతే.

సారు కుర్చీ నా వైపు తిప్పారు. "నీ పని పోలేదప్పా. నువ్వు కనబడకుండా పోయినావ్. నా బోర్డు మాదిరి. కొమ్మ తీస్తే సరి. ఒక ఏడాది చూడు."

నెట్టులో నాకొక పేజీ పెట్టారు. పైన పెద్ద అక్షరాలతో "ఇచ్చట వృక్షములు సంరక్షింపబడును". కింద ఊరు కొత్తపల్లి, నా సెల్లు నంబరు. ఇద్దరం దాన్ని చాలాసేపు చూశాము. నాకు సిగ్గేసింది, బాగా కూడా అనిపించింది.

మూడు నెలలు ఎవరూ పిలవలేదు. నాలుగో నెలలో ఒకాయన ఫోను చేశాడు. మాట యాస వేరు. "మాదీ కొత్తపల్లే, మీ ఇల్లు ఏ వీధిలో? ఊరంతా తిరిగినా దొరకలేదు" అన్నాడు. గోదావరి అవతల కొత్తపల్లి ఆయనది. పాపం, ఒక పూటంతా తిరిగాడట.

సారుకు చెప్పి, చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగాను.

"సార్, ఇచ్చట అంటే యాడ?"

సారు కంప్యూటరు వైపు చూశారు. మెల్లగా నుదురు కొట్టుకున్నారు. "ముప్పై ఏండ్లు బోర్డులు రాయించినోణ్ణి. బోర్డు గోడకు ఉంటాది, గోడ బజార్లో ఉంటాది, కాబట్టి ఇచ్చట అంటే అందరికీ తెలుస్తాది. దీనికి గోడ యాడుండాదప్పా? ఎంత మొద్దుపని చేసినా!"

ఆ రోజే "ఇచ్చట" తీసేశారు. కదిరి, నల్లమాడ, హిందూపురం, చిలమత్తూరు, నేను బస్సెక్కి పోగలిగిన ఊర్లన్నీ రాశారు. ఒక్కో ఊరికి ఆ ఊర్లో నేను చూసిన చెట్టు ఒకటి చెప్పమన్నారు. నేను చెబుతుంటే టకటక కొట్టారు. జనం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వెతుకుతారని, కదిరిని ఒకరు కద్రి అనీ కొడతారని, అవీ చేర్చారు. నెట్టులో ఊరూరి పనివాళ్ల పట్టీలు ఉండే చోట్లన్నిటా నాకు ఒకే పేరు, ఒకే నంబరు ఇచ్చారు. మధ్యలో ఎవరో చవక సిమ్ము ఇస్తే నేను నంబరు మార్చబోయాను. సారుకు నిజంగా కోపం వచ్చింది ఆ ఒక్కసారే. "నంబరు మారిస్తే ఊరు మారినట్లేనప్పా. మళ్లా నిన్ను యాడ వెతకల్ల?"

అయినా ఫోను మోగలేదు. అప్పుడు సారు ఒక పని మొదలుపెట్టారు. నెట్టుకు వచ్చిన ప్రతి మనిషినీ అడగడం. హాల్‌టికెట్ కోసం వచ్చినవాళ్లను, రైలు టికెట్ కోసం వచ్చిన కోమట్ల పెద్దాయనను, ఎవరినీ వదల్లేదు. "మీ ఇంటి మీదికి కొమ్మ ఒరిగింది. నెట్టులో ఏమని వెతుకుతారు?" చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకున్నారు. నేను పోయినప్పుడు ఆ పుస్తకం నా ముందర పెట్టారు. పేజీ నిండా ఒకటే మాట. చెట్టు కొట్టేవాళ్లు. చెట్లు కొట్టేవాళ్లు, కదిరి. చెట్టు కొట్టే మనుషులు కావాలి.

"వృక్షం అన్నోడు ఒక్కడూ లేడు. సంరక్షణ అన్నోడు అసలే లేడు. ఈ మాటే పెడతాండా."

"వద్దు సార్."

"మాటే గదప్పా."

"మా నాయన గొడ్డలి ముట్టలేదు సార్."

లేచి వచ్చేశాను. అమ్మ అన్నానికి పిలిచినా ఆగలేదు. రెండు నెలలు కదిరి పోలేదు. ఏడాది గడువు దగ్గరపడింది. మా పెద్దోడు బెంగళూరు నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఒక సాయంత్రం మోకు విప్పి, తెగిన పోగులు ఎన్ని ఉన్నాయో చూసుకుంటూ కూర్చున్నాను. కొనేవాడు రేపు వస్తానన్నాడు.

అప్పుడు మా ఊరి బస్సు దిగి సారు నడిచి వచ్చారు. ఆయన మా ఊరికి రావడం అదొక్కసారే. చెమట తుడుచుకుని, మంచినీళ్లు తాగి, మోకును చూశారు. అరుగు మీద కూర్చుని అన్నారు:

"చెట్టంటే ప్రేమున్నోడు నిన్ను వెతకడప్పా. వాని చెట్టు బాగానే ఉంటాది. కొట్టేయల్లని వెతికేవాడే నీకు దొరకల్ల. వాడు యంత్రం వాని చేతికి దొరికితే చెట్టు పోతాది. నీ చేతికి దొరికితే ఉంటాది. నీ మాట రాస్తే నువ్వు చదువుకుంటావ్. వాని మాట రాస్తేనే వాడొస్తాడు."

జేబులోంచి కాగితం తీసి ఇచ్చారు. కూడబలుక్కుని చదివాను. "చెట్లు కొట్టేవాళ్లు కావాలా? కొట్టేముందు ఒకసారి మాకు చూపించండి."

మోకు చుట్టి లోపల పెట్టాను. మరునాడు కొనేవాడు వచ్చి ఉత్త చేతులతో పోయాడు.

ఫోన్లు మొదలయ్యాయి. కొత్త కష్టమూ మొదలైంది. తెలియనివాళ్ల గొంతు వింటే నాకు నాలుక లేవదు. "హలో, హలో" అని వాళ్లే పెట్టేస్తారు. అలా ఇద్దరు పోయారని తెలిసి, సారు ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఫోను చేయడం మొదలుపెట్టారు. ముందు నెట్టులో నన్ను వెతికి, పేజీ ఎన్నో వరసలో వచ్చిందో చూసి, అందులోని నంబరుకు కొట్టేవారు. తెలియని మనిషిలా మాట్లాడేవారు.

"హలో, చెట్లు కొట్టేవాళ్లేనా?"

"ఊ."

"ఊ అంటే ఏం తెలుస్తాదప్పా? అవుననా, కాదనా, కడుపునొప్పనా? మళ్లా చేస్తాండా. సరిగ్గా చెప్పు."

ఒక వారం హిందూపురం ఆడమనిషి గొంతు పెట్టేవారు. ఒక వారం చెవులు వినబడని ముసలాయన. వెనక అమ్మ నవ్వు వినబడేది. కొన్ని నెలలకు ఆ మాట నా నోట పడింది. చెప్పండి. చెట్లు చూసేవాళ్లమే. చెట్టు యాడుండాది?

ఒక సోమవారం కాని రోజు ఫోను వచ్చింది. హిందూపురం, ఆడమనిషి గొంతు. "సార్, మీరు బాగా చేస్తాండారు గానీ మీ గొంతు తెలిసిపోయింది" అన్నాను. "ఏ సారు? మా ఇంట్లో చింతచెట్టు కొట్టల్ల, వస్తారా రారా?" అంది ఆవిడ. సారుకు చెబితే కంట్లో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

ఆ చింతాకు రాలి నీళ్లతొట్టి నిండుతోందని ఆవిడ బాధ. తొట్టి మీది కొమ్మలు తీశాను. చెట్టు ఉంది. ఆవిడ చేత పేజీ అడుగున రెండు ముక్కలు రాయించారు సారు. "కొట్టేదానికి పిలిచినాను. కొట్టకుండా పోయినాడు. సంతోషం." ఇట్లా రాసేవాళ్లు పెరిగేకొద్దీ పేజీ పైకి వచ్చిందని సారు అనేవారు. నేను బెంగళూరు పోలేదు.

పని కుదిరాక కూడా సోమవారం ఫోను ఆగలేదు. నాకు మాట వచ్చింది, ఇంకెందుకు అని ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఆపుతారేమోనని.

పోయే ముందు సోమవారం కూడా చేశారు. ఒంట్లో బాగాలేదని నాకు తెలియదు. గొంతు సన్నగా ఉంటే, అదీ ఒక వేషమే అనుకున్నాను.

"చెప్పండి. చెట్లు చూసేవాళ్లమే. చెట్టు యాడుండాది?"

"కదిరిలోనప్పా. మా ఇంటి ముందర వేపచెట్టు. బోర్డు కనబడటం లేదు. ఎప్పుడొస్తావ్?"

"ఈ వారంలో వచ్చి చూస్తామండీ."

"బాగా చెప్పినావప్పా. బాగా వచ్చింది నీకు" అని పెట్టేశారు.

నేను అది పాఠమే అనుకున్నాను. ఆ వారం చిలమత్తూరులో మామిడి పని పెట్టుకున్నాను.

సారు పోయిన మూడోనాడు కదిరి పోయాను. మోకు, మచ్చుకత్తి తీసుకునే పోయాను. అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఆ ఏడు ఉగాదికి నేను పోలేకపోయాను. ఆకు మళ్లీ కమ్మింది. "బడును" ఒక్కటే కనబడుతోంది.

"ఇప్పుడు బోర్డు ఎవరికి కనబడల్లన్నా?" అంది అమ్మ.

"సారు పిలిచినారమ్మా" అన్నాను.

ఎక్కడానికి మునుపటి కంటే ఎక్కువసేపు పట్టింది. రెండు కొమ్మలే తీశాను. దిగి, రోడ్డు అవతలికి పోయి, సారు నిలబడి చదివిన చోట నిలబడ్డాను. రంగు వెలిసింది. చదవడానికి వస్తోంది. మొదటి మాట మీద ఇంకా ఒక చిన్న రెమ్మ ఉంది. గాలికి అది పక్కకు పోయినప్పుడు "ఇచ్చట" అని కనబడుతుంది, మళ్లీ కప్పుకుంటుంది. దాన్ని తీయడానికి తిరిగి చెట్టెక్కలేదు.