తొట్టి వదలని పడవ

గునపం పెట్టి బలంగా ఎత్తాను. పడవ కదల్లేదు, పడవ కింది సిమెంటు తొట్టి కిర్రుమంది. సరిగ్గా అప్పుడే నా గుండెల్లో రాయి పడింది. మీరు నవ్వండి, పర్వాలేదు; ఆరోజు మునగాల్సింది నా పరువొక్కటే కాదు.

మాది మంచిర్యాలలో గోదావరికి దగ్గరి వాడ. కిందటేడు వరద గడప దాకా వచ్చి వెళ్ళినప్పటి నుంచి నాకు కునుకు లేదు. మబ్బు పడితే పిల్లల్ని లెక్కపెట్టుకునేదాన్ని, ఉన్నది ఇద్దరే అయినా. కెమిస్ట్రీలో డిగ్రీ ఉంది, ఫోన్‌లో వీడియో ఉంది, ఫైబర్ పడవ ఎంత పని? బర్రెల్ని అమ్మేశాక పెరట్లో మిగిలిన పొడుగాటి తొట్టే అచ్చు. అందులో గాజుగుడ్డ పరచి, ఎపాక్సీ జిగురు పూసి, మళ్ళీ గుడ్డ, మళ్ళీ జిగురు. గాజునూలు గుచ్చుకుని దురదగొండిని కౌగిలించుకున్నదానిలా గోక్కున్నాను. పడవంతా బుడగలు.

"ఏందే పిల్లా, పడవకు తట్టు పోసిందా?" అంది మా అత్తమ్మ.

"జర ఆగుండ్రి అత్తమ్మా, రాయిలెక్క అయితది."

అయింది. అవసరమొచ్చినప్పుడు తీద్దామని తొట్టిలోనే ఉంచాను.

ఈ వానాకాలం గోదారి పొంగింది. మధ్యాహ్నం జనాన్ని తరలించే ట్రాక్టర్ మా ఇంటి ముందు ఆగింది.

"ఎక్కుండ్రి అక్కా, నీళ్ళొస్తున్నయ్!" అన్నాడు డ్రైవర్.

"మాకు పడవున్నది తమ్మీ. లేనోళ్ళను తీస్కపో."

మా ఆయన బొగ్గుగనిలో డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో ఉంటే నన్ను గోనెసంచిలో కట్టయినా ఎక్కించేవాడు. చదువుకున్న కోడలినని అత్తమ్మ నమ్మింది.

నీళ్ళు పెరట్లోకి వచ్చాయి. అప్పుడు పట్టాను గునపం.

"నూనె రాసినవానే?" అంది అత్తమ్మ.

"దేనికి?"

"తొట్టికి! గంజుకు నూనె రాయకుంట సర్వపిండి ఒత్తితె ఊడొస్తదా?"

వీడియోలో, జిగురు అంటుకోకుండా అచ్చుకు మైనం పూసే ముక్క ఉంది. ప్రకటనేమో అనుకుని దాటేశాను.

"అమ్మా, పడవ ఎప్పుడొస్తది?" అంది మా పెద్దది. చిన్నోడు ఏడుపు అందుకున్నాడు.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు. ఏరు రాకముందే తెప్పను తొట్టికి అతికించింది మాత్రం నేనొక్కదాన్నే. నడుంలోతు నీళ్ళలో పిల్లల్ని ఎత్తుకుని డాబా ఎక్కాం. వాళ్ళ వణుకు నా మెడకు తగులుతుంటే ఏ దేవుణ్ణి పిలవాలో కూడా తోచలేదు.

పొద్దుగూకే ముందు సహాయక బృందం పడవ వచ్చింది. అదీ ఫైబర్‌దే. చేత్తో తడిమాను. పసిపాప చెంపంత నునుపు, ఒక్క బుడగ లేదు.

"ఏం చూస్తున్నరక్కా?" అన్నాడు పడవ నడిపేవాడు.

"ఎవరు చేసిండ్రు దీన్ని?"

"కంపెనీల చేస్తరు. ఇంట్ల చేస్తరా ఎవరన్న?"

అత్తమ్మకు ఎన్నడూ లేనంత దగ్గొచ్చింది.

నా పడవ మాత్రం ఇప్పటికీ తొట్టిలోనే ఉంది, వరద నీళ్ళు నింపుకుని. బయటి చుక్క లోపలికి రాదని గొప్పలు పోయాను. లోపలి చుక్క కూడా బయటికి పోవడం లేదు.

మరునాడు పొద్దున, బడిలో పెట్టిన శిబిరంలో, ఉప్మా ప్లేటు మీద చెయ్యి పెట్టి శపథం చేశాను: "ఇగ జన్మల తేలేటిదేదీ చెయ్య. పూరీలు సుత."

పిల్లలు నవ్వలేదు.

"మల్ల నీళ్ళొస్తె?" అంది పెద్దది.

"మొదటి ట్రాక్టరే ఎక్కుదాం బిడ్డా. మీరిద్దరు నన్ను గట్టిగ పట్టుకోండ్రి. నేను మైనం పూసుకోలే, ఊడిపోరు."