వాడి గుండె చూపిద్దామని పోతే

గంజాయి మానేసి నాలుగు నెలలైన మా అబ్బాయి ఈ రోజు పొద్దున్నే గుండె దడ అంటూ కూలబడ్డాడు. గిద్దలూరు నుంచి మార్కాపురం తీసుకుపోయి ఈసీజీ తీయించాను. గుండె బాగుందని, మానేసినాక ఈ ఆందోళన కొన్నాళ్లుంటుందని డాక్టరమ్మ చెప్పింది. వాడు నమ్మలేదు గానీ, నా చేతులు వణకడం చూసి నాకూ బీపీ చూడమన్నాడు. చూస్తే చాలా ఎక్కువుంది! తిరిగి వెళ్లడానికి బస్టాండుకు వచ్చాక వాడు అడిగాడు:

"ఏంది నాయనా, ఇంత బీపీ పెట్టుకొని నన్ను తీసుకొచ్చినావా?"

"నీకేమన్నా అయితాదని భయపడినా రా."

"నాకూ భయమే నాయనా. మళ్లీ దాని జోలికి పోతానేమోనని."

ఇన్నేళ్లకు వాడు నా దగ్గర దాచకుండా చెప్పిన మాట అది. బస్టాండులో అందరూ చూస్తున్నా వాడిని పట్టుకొని సంతోషంతో ఏడ్చేశాను. దడ మాత్రం మా ఇద్దరికీ తగ్గలేదు. ఎన్నాళ్లుంటుందో, దాటి వచ్చినవాళ్లుంటే రాయండి. వాడికి చదివి వినిపిస్తాను.