నా గిన్నెకు నేను పెట్టిన గుర్తు

అక్టోబరు, రెండో శనివారం మధ్యాహ్నం. ఊరు: చైనాలోని షియాన్. హాజరైనవారు: నేను, నా భార్య జానకి, మా అబ్బాయి శ్రీధర్, వాడు చేసుకుంటానన్న అమ్మాయి లిన్, ఆమె తండ్రి, ఆమె నాయనమ్మ. ఈ ఆరుగురిలో ఐదుగురు బుద్ధిమంతులు. ఆరోవాడు చేసిన ఘనకార్యాన్ని వాడి డైరీలోంచే ఎత్తి రాస్తున్నాను. కాస్త మంచినీళ్లు దగ్గర పెట్టుకుని చదవండి.

శ్రీధర్, లిన్ జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒకే కంప్యూటర్ చిప్పుల కంపెనీలో పని చేస్తారు. ఆ ఏడాది మేమూ వాడి దగ్గరే ఉన్నాం. పిల్లలిద్దరూ అన్నీ తేల్చుకున్నారు. లిన్ నాయనమ్మ మాత్రం, "పిల్లాడి మనుషుల్ని చూడనిదే మాట ఇవ్వను" అని కూర్చుంది. దాంతో బయలుదేరాం. పేరుకు కోట గోడలు, పాతకాలపు మట్టి సైనికుల బొమ్మలు, కొత్త రుచులు. అసలు సంగతి పెళ్లిచూపులు. చూపులకు కూర్చునేది మేము.

విమానంలో శ్రీధర్ నా చెయ్యి పట్టుకున్నాడు. "నాన్నా, అక్కడ నువ్వేమీ చెయ్యకు."

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ."

"ఆయనకది చేతకాదురా," అంది జానకి కళ్లు తెరవకుండానే.

షియాన్‌లో పేరుపడ్డ భోజనానికి తీసుకెళ్లారు. మనిషికో ఖాళీ గిన్నె, పేడపిడకంత మందాన రొట్టె. లిన్ జర్మన్‌లో చెప్పింది, శ్రీధర్ తెలుగు చేశాడు. రొట్టెను శనగగింజంత ముక్కలుగా తుంచి గిన్నెలో వేసుకోవాలి. గిన్నెలన్నీ వంటింట్లోకి వెళ్తాయి. పులుసు పోసి ఉడికించి తిరిగి తెస్తారు. అందరికీ మటన్ పులుసు. రిటైరయ్యాక మాంసం మానేసినవాణ్ణి కనుక నాకొక్కడికి కూరగాయల పులుసు.

నా గుండెల్లో రాయి పడింది. అందరి గిన్నెలూ ఒకే పోత. తుంచింది ఎవరి వేళ్లో, ఎవరి గిన్నె ఎవరి ముందుకొస్తుందో? ఎంగిలి ఒక గండం, మటన్ ఇంకో గండం.

"ఏమే, మనది మనకే వస్తుందని ఏమిటి నమ్మకం?"

"జర్మనీలో చెప్పులు పోతాయనీ ఇలాగే బెంగపెట్టుకున్నారు, ఎవరైనా ఎత్తుకుపోయారా? నోరు మూసుకుని తుంచండి."

తుంచాను. తుంచి, ఎవరూ చూడకుండా కోటు జేబులోంచి డబ్బా తీశాను. జానకి స్వయంగా దంచిన గుంటూరు మిరప కారం. అది లేకుండా నేను డ్రెస్డెన్‌లో ట్రామ్ కూడా ఎక్కను. నా గిన్నెలో మధ్యన బొట్టులా ఒక చెంచా పెట్టాను. ఇక మారిపోయే ప్రశ్నే లేదు.

ఎవరూ చూడలేదనుకున్నానా, లిన్ తండ్రి చూడనే చూశాడు. కూతురి చెవిలో ఏదో అన్నాడు. లిన్ శ్రీధర్‌ని జర్మన్‌లో ఏదో అడిగింది. వాడు నంజుకోవడానికి పెట్టిన తియ్యటి వెల్లుల్లి ఊరగాయ నములుతూ తల తిప్పకుండానే, "యా, యా" అన్నాడు.

అంతే. ఆ పెద్దమనిషి లేచి, నా డబ్బాను రెండు చేతులా కళ్లకద్దుకున్నంత భక్తిగా అందుకున్నాడు. వాళ్లమ్మ గిన్నెలో ఒక చెంచా. తన గిన్నెలో ఒకటి. లిన్ గిన్నెలో ఒకటి. నిండుగా, గుట్టగా.

నేను "వద్దు" అనొచ్చు. అనాలి కూడా. కానీ కాబోయే వియ్యంకుడి చెయ్యి పట్టుకుని వద్దనడమా? నిశ్చయం కాకముందే తగువా? మొహమాటం నా మెడ పట్టుకుని వంచింది. చిరునవ్వు నవ్వి తలూపాను.

గిన్నెలు వెళ్లాయి, వచ్చాయి. ఆరింట్లో నాలుగు గిన్నెలు ఎర్రగా ఉంటే నా గుర్తు దేనికి గుర్తు? ఆ కంగారులో చూస్తే, ప్రతి గిన్నె పక్కనా నంబరు బిళ్ల. మొదటినుంచీ అక్కడే ఉందట.

నాయనమ్మ ఒక ముద్ద తింది. మొహం దానిమ్మగింజ రంగుకు తిరిగింది. కళ్లు, ముక్కు ఏకధారగా. వెక్కిళ్లు. ఆవిడ గిన్నె దించలేదు. వియ్యంకుడు కన్నీళ్లు తుడుచుకుంటూ నాకు దణ్ణం పెట్టి ఇంకో ముద్ద తిన్నాడు.

"మటన్ తప్పించుకోవడానికి ముసలావిడ ప్రాణం తీస్తారా?" జానకి పళ్ల మధ్యనుంచి అంది.

"ఏమీ చెయ్యొద్దన్నానా లేదా నాన్నా!" శ్రీధర్ నాయనమ్మ ముందుకు నీళ్లు తోశాడు. "సంబంధం పోయినట్టే."

మర్నాడు పొద్దున హోటల్లో కాఫీ ఎవరికీ దిగలేదు. లిన్ ఒక్కతే వచ్చింది. శ్రీధర్ లేచి నిలబడ్డాడు. ఆమె మాటలు వింటుంటే వాడి మొహం నల్లబడి, తెల్లబడి, చివరికి నోరు తెరుచుకుంది.

"నిన్న వాళ్ల నాన్న అడిగించింది... సంబంధం కుదిరితే మీవైపు ఇలా అందరి గిన్నెల్లో ఎర్రపొడి వేసి తినడం ఆచారమా అని. నేను యా అన్నానట."

"అయితే?"

"తినకపోతే సంబంధం కాదన్నట్టేనని నాయనమ్మ మొత్తం తినేసిందట. పెళ్లి ఖాయమట. అయితే వాళ్ల బాబాయి నిన్న ఊళ్లో లేడు. ఆయన కూడా ఒప్పుకోవాలి కదా, ఆ డబ్బా ఇవ్వమంటోంది."

జానకి నా జేబులోంచి డబ్బా తీసి లిన్ చేతిలో పెట్టింది. "ఇవ్వకపోతే ఇంకేదో ఆచారం పుట్టిస్తారు ఈయన."

కాబట్టి చదువరులారా, షియాన్ కోటగోడ సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: ఇకమీదట నా ముందు ఏ గిన్నె పెడితే అదే నా గిన్నె. పెళ్లిలో మాత్రం మినహాయింపు. ఆ రోజు మా వంశాచారం ప్రకారం నేను కూడా గుట్టగా ఒక చెంచా తినాలని వియ్యంకుడు ఇప్పటికే కబురు పెట్టాడు.