ఫ్యాను ఆపమనే మా ఇన్‌చార్జి సారు

మా ఇన్‌చార్జి సారు పోయారన్న కబురు పోయిన వారం ఆయన తమ్ముడి కొడుకు ఫోన్లో చెప్పాడు. "పెద్దనాయిన పోయిండు మేడమ్. పొద్దుగాల చాయ తాగి కుర్సీల కూసున్నడు, గంతే. ఆయన ఫోన్ల మీ నంబరే ముందుగాల కనవడ్డది. గందుకే మీకు చేసిన." ఆ చివరి మాట దగ్గరే నాకు ఏడుపొచ్చింది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మాది చిన్న కంపెనీ. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకు సర్క్యూట్ కార్డులు చేసేవాళ్లం. వాటి డిజైన్ గదికి ఆయన ఇన్‌చార్జి, నేను ఆయన కింద ఇంజనీరును. మిగతావాళ్లు వస్తూ పోతూ ఉండేవారు. ఆయనది కొండాపూర్ దిక్కు రైతు కుటుంబం. పిల్లలు లేరు. భార్య పోయాక పటాన్‌చెరులో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కరే ఉండేవారు.

మా కార్డులో ఒక డిజిటల్ ఫేజ్ లాక్డ్ లూప్ ఉండేది. పేరే పెద్దది. బయటి నుంచి వచ్చే గడియారంతో మా కార్డు గడియారం అడుగు కలిపి నడవాలి, అంతే దాని పని. ముందుకు పోతే తగ్గాలి, వెనకబడితే అందుకోవాలి. అలా నడిస్తే సిగ్నల్‌ను గీతగా చూపే స్కోపు తెర మీద గీత సన్నగా నిలబడుతుంది. మాది వణికి వణికి దూదివత్తిలా ఉబ్బి ఉండేది. ఆ వణుకే నాయిస్. దానివల్ల కార్డు ఒకసారి పరీక్షలో తప్పింది. ఇంకోసారి తప్పితే డిజైన్ గది మూసేసి కార్డులు బయట కొంటానని ఓనరు తేల్చి చెప్పాడు. ఆ రోజు సారు నాతో అన్నారు: "నీకేంది బిడ్డా, ఏడనన్న నౌకరి దొరుకుతది. గీ అర్ర మూస్తే నేనేడ కూసోవాలె?"

నాయిస్ వేటలో ఆయన పద్ధతి ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోవడం. ముందు ఫ్యాను, తర్వాత ట్యూబులైటు, ఆ తర్వాత పక్కగదిలో సోల్డరింగు. మే నెలలో చెమటలు కారుతుంటే "ఫ్యాన్ బంద్ చెయ్యి బిడ్డా" అనే మనిషి మీద అభిమానం నిలుపుకోవడం కష్టం. విసుక్కుంటూనే ఆపేదాన్ని. ఆయన మాత్రం తెర ముందే జొన్నరొట్టె, పుంటికూర తింటూ హాయిగా ఉండేవారు.

అన్నీ ఆపినా గీత సన్నబడలేదు. ఇక మిగిలింది ప్రహరీ అవతల ఇనుము కరిగించే ఫ్యాక్టరీ. దాని కొలిమి మా కరెంటును పాడుచేస్తోందని ఇద్దరం రోజూ తిట్టుకునేవాళ్లం. మా వాడకి బుధవారం పవర్ హాలిడే. లైట్లకూ ఫ్యాన్లకూ తప్ప మిషన్లకు కరెంటు వాడకూడదు కాబట్టి అందరికీ సెలవు. ఒక బుధవారం మేమిద్దరమే వచ్చి కార్డును లారీ బ్యాటరీ మీద నడిపాం. కొలిమి లేదు, కంప్రెసర్లు లేవు. ఆ వాడ అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు. గీత మాత్రం అలాగే ఉబ్బి ఉంది.

సారు బ్యాటరీ తీగలు మరోసారి సరిచూశారు. తర్వాత మెల్లగా నవ్వారు. "గిన్ని దినాలు పక్కోన్ని తిట్టినం. లొల్లి మనింట్లనే ఉంది."

మా లూపే అతిగా సరిదిద్దుకుంటోంది. అడుగు కలిశాక కూడా పిసరంత తేడాకు ఇటొక పెద్ద అడుగు, అటొక పెద్ద అడుగు వేస్తోంది. మొదట్లో ఆ చురుకు ఉండాలి, లేకపోతే కలవనే కలవదు. కలిశాక అదే వణుకవుతోంది. "కలిసేదాంక ఉరకాలె. కలిసినంక మెల్లగ నడవాలె" అన్నారు సారు. దాన్నే లాజిక్‌లో పెట్టాం. అడుగు కలిసిందని తెలియగానే సరిదిద్దే అడుగు చిన్నదైపోతుంది. తర్వాతి బుధవారం గీత వెంట్రుకంత సన్నగా నిలబడింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత కార్డు పరీక్షలో నెగ్గింది, గది నిలిచింది.

గీత నిలబడిన ఆ రోజే ఆయన ఇంకో పని చేశారు. బయటి గడియారం వచ్చే కేబుల్‌ను కార్డు నుంచి పీకేశారు. అడుగు కలిసిందని చూపే పచ్చ దీపం ఆరిపోయింది. గీత మాత్రం చెదరలేదు. కేబుల్ పీకేదాకా నడిచిన వేగాన్ని గుర్తుంచుకుని లూపు అలాగే నడుస్తోంది. "ఇగ అది ఒక్కతే. ఎంతసేపు యాది పెట్టుకుంటదో సూద్దాం" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. గీత కనీకనిపించకుండా పక్కకు జరగడం మొదలయ్యేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

కొన్నేళ్లకు ఆ పనంతా ఒక్క చిప్పులో దొరకడం మొదలై, గది ఎలాగూ మూతపడింది. ఆయన ఊరికి వెళ్లిపోయారు. నేను వేరే ఉద్యోగం వెతుక్కుని అమీన్‌పూర్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ప్రతి బుధవారం సాయంత్రం నేను ఇల్లు చేరే వేళకు ఆయన ఫోను వచ్చేది. "ఆ ఫ్యాన్ బంద్ చెయ్యి బిడ్డా, నీ మాట ఇనవడ్తలేదు." తిన్నవా, వాన పడ్డదా అని అడిగేవారు. ఆపైన చెప్పుకోవడానికి ఇద్దరికీ ఏమీ ఉండేది కాదు. కాసేపు ఊరికే ఉండేవాళ్లం. వారమంతా నేను ఎదురుచూసింది ఆ కాసేపటి కోసమేనని ఇప్పుడు తెలుస్తోంది.

నిన్న బుధవారం. తాళం తీసి లోపలికొచ్చి, చాయ పెట్టుకుని, ఫోను బల్ల మీద పెట్టి ఫ్యాను ఆపాను. చెమట పట్టింది. చీకటి పడేదాకా మళ్లీ వేయలేదు.